పెద్దకోడలి గొంతు

మొదటే చెప్పేస్తాను, నాకు సీరియళ్ళంటే ఒళ్ళు మంట. పద్దెనిమిదేళ్ళుగా వాటికి మాటలు రికార్డు చేసి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి, ఈ మాట అనకూడదని నాకూ తెలుసు. కానీ ఒక మనిషి గుమ్మంలో నిలబడి మూడు ఎపిసోడ్ల పాటు ఆశ్చర్యపోతూ ఉంటే, ఆ మూడు రోజులూ కూర్చుని ఆ ఆశ్చర్యానికి ఊపిరి శబ్దాలు అతికించేది నేను. నా బాధ నాది. అయినా ఇప్పుడు చెప్పబోయేది సీరియల్ గురించి కాదు. అందులో పెద్దకోడలి పాత్రకు తొమ్మిదేళ్ళు గొంతు ఇచ్చిన మనిషి గురించి. నేను ఆవిడను అక్కా అని పిలిచేవాణ్ణి. స్టూడియోలో మిగతావాళ్ళు చాటున పెద్దకోడలు అనేవాళ్ళు, ఎదురుగా నోరు మెదిపేవాళ్ళు కాదు.

ఇలాంటివి రాసేటప్పుడు పైకి కఠినం, లోపల వెన్న అని రాసేయడం మనకు అలవాటు. అక్క పైకీ కఠినమే, లోపలా కఠినమే. కొత్తగా చేరిన ఒక అమ్మాయి జలుబుతో వచ్చి నాలుగు మాటలు తప్పు చెబితే, పదిమంది ముందు, ముక్కు బాగుచేయించుకుని రా, లేదంటే ఇంకో పని చూసుకో అంది. ఆ పిల్ల బాత్రూములోకి పోయి ఏడుస్తుంటే అక్క తన డబ్బా విప్పుకుని నింపాదిగా భోజనం చేసింది. ఎవరికీ ఒక ముద్ద పెట్టదు, ఎవరి దగ్గరా తీసుకోదు. కుర్చీ మీద వేసుకునే దిండు కూడా ఇంటి నుంచే తెచ్చుకుని సాయంత్రం చంకన పెట్టుకుని పోయేది. మరి నువ్వెలా వేగావయ్యా అంటే, మా ఇద్దరి మధ్యా గాజు అద్దం ఉండేది. అటు మైకు ముందు ఆవిడ, ఇటు మీటల ముందు నేను. మాట మితిమీరితే మీట కిందికి నొక్కేసేవాణ్ణి.

పనిలో మాత్రం ఆవిడకు ఆవిడే సాటి. తెర మీద పెద్దకోడలు వేసే నటికి మన భాష రాదు. మొదట్లో మాటలు బట్టీ పట్టేదట. తర్వాత ఓపిక పోయి, కళ్ళెర్రజేసి వేలు చూపిస్తూ, తన భాషలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చదవడం మొదలుపెట్టింది. పదమూడూ పద్నాలుగూ అంటూ ఆవిడ చిన్నకోడలి మీద నిప్పులు చెరుగుతుంటే, ఆ పెదాల మీద ‘ఈ ఇంట్లో నీకు నిలవ నీడ ఉండనివ్వను’ అనే మాటను చుక్క జారకుండా కూర్చోబెట్టాలి. అక్క ఒక్కసారి చూసి, రెండోసారి చెప్పేసేది. మూడో సారి అడిగితే నా కేసి పురుగును చూసినట్టు చూసేది.

మా పనిలో ఒక వెసులుబాటు ఉంది. పెదాలు కనిపించినంతసేపే మాకు కట్టుబాటు. నటి వెనక్కి తిరిగిందా, కెమెరా వీపు మీద ఉందా, ఇక అక్కడ మాట పెంచవచ్చు, తగ్గించవచ్చు, అసలు లేని మాట పెట్టవచ్చు. రచయితలు రాయడం మరిచిపోయిన విషయాలన్నీ మేము వీపుల మీదే అతికిస్తాం. చూసేవాళ్ళకు ఈ సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకోరు.

ఆరేళ్ళ కిందట ఒక దృశ్యం వచ్చింది. పెద్దకోడలు చిన్నకోడల్ని వానలో బయటికి గెంటి, వెనక్కి తిరిగి తలుపు గడియ వేస్తుంది. కాగితం మీద గడియ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అక్క అక్కడ ఒక గుటక మింగింది. చిన్న గుటక, దాని వెనక సగం నిట్టూర్పు. నేను చిరాకుపడి, ఇది కాగితంలో లేదక్కా, మళ్ళీ నన్ను తిడతారు అన్నాను. ఉండనియ్యి, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు అంది. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత పెద్దకోడలు వెనక్కి తిరిగిన ప్రతిచోటా ఏదో ఒకటి పెట్టేది. ఒకసారి ఊపిరి ఆగిపోయేది, ఒకసారి పెదవి కొరుక్కున్నట్టు చిన్న చప్పుడు, ఒకసారి ఎవరికీ వినపడనంత మెల్లగా, ఎందుకు చేశాను అన్న మాట.

రెండు మూడు నెలలు తిరిగేసరికి జనం మారిపోయారు. అంతకుముందు ఆ నటి బజారుకు పోతే శాపనార్థాలు పెట్టినవాళ్ళే, పాపం పెద్దకోడలిది ఎంత నలిగిపోయిన మనసో అని ఛానెల్‌కు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. దీని మీద పెద్ద సమావేశం పెట్టారట. రచయిత తన మాటల బలం అన్నాడు, దర్శకుడు వెలుగునీడలు అన్నాడు, ఎవరో జుట్టు ముడి మార్చడం వల్ల అన్నారు. నన్ను ఎవరూ పిలవలేదు. పిలిస్తే చెప్పేవాణ్ణి. మన ఇళ్ళలో చెడ్డ పని చేసినవాళ్ళు తలుపు వేసుకుని లోపలికి పోతారు, మనం ఇవతలే ఉండిపోతాం. సీరియల్లో మనల్నీ లోపలికి తీసుకుపోతారు. అక్కడ ఆ మనిషి ఒక్క గుటక మింగితే చాలు, చేసిన పాపమంతా మరిచిపోయి అయ్యో అంటాం. మా ఆవిడా అంది, కళ్ళు తుడుచుకుంటూ. నేను ఇంట్లో అరిచి గదిలోకి పోతే మాత్రం ఎన్నడూ అయ్యో అన్న పాపాన పోలేదు.

ఆ గుటక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చాలా కాలం తెలియలేదు. అక్కే చెప్పింది, అదీ గొంతు పాడయ్యాక.

అక్కకు ఒకతే కూతురు. వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి ల్యాబ్ టెక్నీషియన్ చదువు చివరి ఏడాదిలో ఉండగా, ఆ గుటకకు కాస్త ముందే, ఇక్కడ తండ్రిని గుండెనొప్పితో ఆసుపత్రిలో చేర్చారు. అమ్మాయికి పరీక్షలు జరుగుతున్నాయి. రెండు అయ్యాయి, రెండు ఉన్నాయి. రెండో పరీక్ష రాసిన సాయంత్రం ఆయన పోయాడు. కాసేపటికి కూతురు ఫోను చేసింది, నాన్నకు ఎలా ఉందని. ఆసుపత్రి వసారాలో నిలబడి అక్క చెప్పింది, నాన్న నిద్రపోతున్నారు, లేపను, నువ్వు చదువుకో అని. మర్నాడూ అదే చెప్పింది. ఆ మూడు రోజుల్లో అంత్యక్రియలు కూడా అయిపోయాయి. నాలుగో రోజు సంచీ భుజాన వేసుకుని ఇంటికి వచ్చిన పిల్లకు గుమ్మంలో చెప్పింది. అమ్మాయి ఏడవలేదట. అంత మామూలుగా ఎలా మాట్లాడగలిగావు అని ఒక్క మాట అడిగి, అదే సంచీతో వెనక్కి పోయింది. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు. ఇదే ఊళ్ళో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనికి చేరి గది తీసుకుని ఉంది. ఫోను చేస్తే ఎత్తదు.

వింటుంటే నాకు కోపమే వచ్చింది, దాచనెందుకు. కన్నతండ్రి ముఖం చివరిసారి చూసుకోనివ్వని మనిషిని ఏమనాలి? అదే మాట అడిగాను. ఏడాది పోయేది తమ్ముడూ, పేపర్లన్నీ రాసింది, ఏడాది దక్కింది అంది. ఈ మాట ఆవిడ నోట అంతకుముందు కూడా విన్నాను. ఎవరి పిల్లల చదువు మాట వచ్చినా, మా అమ్మాయి అన్ని పేపర్లూ రాసింది అనేది గర్వంగా. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఒకసారి అక్క ఆ ల్యాబుకు వెళ్ళింది, రక్తపరీక్ష వంకతో. కూతురే వచ్చి చేతికి పట్టీ బిగించి, రక్తం తీసి, దూది పెట్టింది. చెయ్యి మడవండి అని, తర్వాతి మనిషిని పిలిచింది. ‘మడవండి’ అంది తమ్ముడూ, అని అక్క నా ముందు రెండుసార్లు అంది.

పోయిన ఏడు అక్క గొంతు బొంగురుపోవడం మొదలైంది. గొంతులో ఏదో పెరిగిందని, వెంటనే కోయాలని, కోశాక గొంతు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదని డాక్టరు చెప్పాడు. అక్క ఈ సంగతి ఛానెల్‌కు చెప్పనివ్వలేదు. అదృష్టమో దురదృష్టమో, అప్పుడే పెద్దకోడలి కథ ముగించేస్తున్నారు. చివరి దృశ్యంలో ఆవిడ ఇల్లు వదిలి వీధి చివరి దాకా నడిచి వెళ్ళిపోతుంది. నలభై సెకన్లు వీపే కనిపిస్తుంది. మాటలేమీ లేవు, సంగీతం ఒక్కటే.

ఆ రోజు రికార్డింగు అయ్యాక అక్క అద్దం అవతల నుంచి మైకు ఆపవద్దంది. ఆ నలభై సెకన్లు నాకు కావాలి అంది. ఏం చేస్తావు అన్నాను.

“మా అమ్మాయికి రెండు మాటలు చెప్పుకుంటాను. వాళ్ళ ల్యాబులో టీవీ ఉంది, మధ్యాహ్నం పూట మళ్ళీ వేస్తారు. నా ఫోను ఎత్తదు. చెవులు మూసుకుని అయితే పని చేయలేదుగా.”

కాగితంలో లేని మాట పెట్టానని తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా అని ఒక పక్క భయం. ఇంకో పక్క, ఈవిడ ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. తెర మీద ఆ వీపు నడవడం మొదలుపెట్టగానే మీట పైకి తోశాను. అక్క చెప్పింది. ఫోన్ పెట్టేశాక మెట్ల మీద కూర్చుండిపోయానమ్మా. లేవలేకపోయాను. అంతే, ఆ రెండే. రెండో మాట దగ్గర గొంతు వణికి, చీలి, చివరి అక్షరం గాలిగా పోయింది. ఆవిడ, బాగా రాలేదు, ఇంకోసారి చెబుతాను అంది. రెండోసారి అద్దంలా చెప్పింది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. ఏది పెట్టమంటావు అని అడిగితే, నీ పని నీకు తెలియదా అని దిండు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను రెండోది పెట్టాను.

ఇక్కడ నన్ను తిట్టుకోండి, తప్పు లేదు. పద్దెనిమిదేళ్ళుగా నా పని అదే. చీలిన గొంతును అతకడం, గాలిని తీసేయడం, గరగరను తుడవడం. ఆ చీలికను రోగమే అనుకున్నాను. పోతూ పోతూ ఈవిడ గొంతు పాడైనట్టు జనం వినకూడదు, చివరి పని శుభ్రంగా ఉండాలి అనుకున్నాను. రెండోదానిలో మిగిలిన కాస్త ఊపిరి కూడా తుడిచేశాను. నిజానికి ఆవిడ మీద గౌరవంతోనే చేశాను. ఎపిసోడ్ పంపాక, ప్రతి శనివారం పాతవన్నీ చెరిపేసినట్టే, ఆ మొదటి రికార్డింగు కూడా చెరిపేశాను.

అది ప్రసారమైన మర్నాడు పొద్దున్నే అక్కకు ఆపరేషన్. లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుని, మధ్యాహ్నం ల్యాబుకు వెళ్ళు, ఆ మాటలు విన్నప్పుడు అమ్మాయి మొహం ఎలా ఉందో వచ్చి నాకు చెప్పు అంది. ఆవిడ గొంతు నేను విన్నది అదే ఆఖరు.

వెళ్ళాను. రక్తపరీక్షకని పేరు రాయించి కూర్చున్నాను. చిన్న హాలు, గోడవారగా ఇనుప కుర్చీలు, పైన మూలకు టీవీ. పదిమంది దాకా చేతులు మడుచుకుని కూర్చుని ఉన్నారు. పెద్దకోడలు నడిచి వెళ్ళిపోతుంటే పక్కనున్న పెద్దాయన ముక్కు చీదాడు. ఒకావిడ, ఎంత చెడ్డదైనా చివరికి ఇలా అయి ఉండకూడదు అంది. ఆ రెండు మాటలూ వినిపించాయి. లోపలి గదికి కట్టిన తెర పక్కకు తీసి బయటికి వచ్చిన అమ్మాయి, అక్క కూతురే, చేతిలో చిన్న గాజు గొట్టం పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత ఆ గొట్టం మీద పేరు అంటించి, నా పేరు పిలిచింది.

సూది గుచ్చుతుండగా నేను ఎవరో చెప్పాను. చెయ్యి ఆగలేదు. మీ అమ్మగారికి ఈ పొద్దున ఆపరేషన్ అయిందమ్మా, ఇక మాట రాకపోవచ్చు, ఆ రెండు మాటలూ నీ కోసమే చెప్పింది అన్నాను.

“తెలుసండి. నా కోసమేనని తెలిసింది.” దూది పెట్టి నొక్కింది. “ఆ గొంతూ తెలుసు. నాన్న నిద్రపోతున్నారని చెప్పింది కూడా ఆ గొంతుతోనే. ఎక్కడా వణకలేదు.”

అది నా పనేనమ్మా అన్నాను. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు చీలిపోయిందనీ, బాగుండదని నేనే తీసేశాననీ, శుభ్రంగా ఉన్నది పెట్టాననీ చెప్పాను. మొదటిది వినిపిస్తారా అని అడిగింది. చెరిపేశాను అన్నాను. మీరు మాటలు అతికించే మనిషి, మీ మాట ఎలా నమ్మను అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. తర్వాతి వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చేశారు.

సాయంత్రం ఆసుపత్రికి పోతే అక్క మత్తులో ఉంది. మర్నాడు కళ్ళతో అడిగింది. విన్నదక్కా అని మాత్రం చెప్పి, మిగతాది మింగేశాను. మెడకు కట్టు, గొంతులోంచి గాలి తప్ప ఏమీ లేదు. పలక ఇస్తే తోసేసింది. రోగంలో కూడా మొండితనం పోలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. నేను మంచం పక్కనే ఉన్నాను. కాళ్ళ వైపు నిలబడి, భుజాన సంచీ దింపకుండా తల్లిని చూసింది. అక్క లేవబోయి, లేవలేక, పెదాలు కదిపింది. చప్పుడు లేదు.

“ఏమంటోంది?” అని అమ్మాయి నన్ను అడిగింది.

పెదాలు చూసి మాట చెప్పడం నా వృత్తి. అక్క అన్నది నాకు స్పష్టంగా తెలిసింది. కానీ ఆ మాట చెబితే ఈ పిల్ల అటు నుంచి అటే పోతుంది. ఇప్పటికే ఒకసారి చెడగొట్టాను. తప్పయిపోయింది, క్షమించమంటోందమ్మా అన్నాను.

అక్క అరచేత్తో మంచం పట్టీ మీద ఠపీమని కొట్టింది. నా కేసి చూసిన చూపు, మూడోసారి చెప్పమని అడిగినప్పుడు చూసే చూపే. మళ్ళీ అదే మాట పెదాలతో చెప్పి, నన్ను చెప్పమని వేలు చూపించింది. ఇక తప్పలేదు.

“మళ్ళీ ఆ రోజు వచ్చినా నేను అదే చేస్తాను. నీకు ఏడాది పోనివ్వను. అని అంటోంది.”

అమ్మాయి పోలేదు. సంచీ దింపి మంచం చివర కూర్చుంది.

“పోయిందమ్మా ఏడాది,” అంది. “మూడో పేపరు అరగంట కూర్చుని తెల్లకాగితం ఇచ్చి వచ్చేశాను. నాలుగోదానికి వెళ్ళనే లేదు. తర్వాతి ఏడు ఒక్కదాన్నే వెళ్ళి రాశాను. నీకు చెప్పలేదు.”

అక్క కదలకుండా వింటోంది.

“నువ్వు ఏనాడైనా నాతో అంత మెత్తగా మాట్లాడావా ఫోన్లో? చదువుకో అన్నావు, అరవకుండా. అప్పుడే నాకు తెలిసిపోయింది, నాన్న లేరని. మూడు రోజులు హాస్టల్ గదిలో కూర్చున్నాను. సాయంత్రం ఆరింటికి బస్సు ఉంది. రోజూ ఉంది. ఎక్కలేదమ్మా. వస్తే నాన్నను అలా చూడాలి కదా అని ఎక్కలేదు. నువ్వు రానివ్వలేదని అందరికీ చెప్పుకున్నాను ఆరేళ్ళు.”

అక్క పెదాలు కదిలాయి, ఈసారి చాలాసేపు. అమ్మాయి ఏమంటోందని నన్ను అడగలేదు. నేనూ చూడలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.